ఇంటి చప్పుడు

షిఫ్టు 4,381

ఆరు గంటలకు డ్యూటీ ఎక్కాను. పైన నిన్నటి ఎండ యాభై మూడు అని బోర్డు మీద రాశారు. కింద మాకు ఇరవై తొమ్మిది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఊట నీళ్ళు కారుతున్నాయి, కొత్త సంగతులేమీ లేవు.

మిషను ఎలాగూ అన్నీ రాసుకుంటుంది. అయినా చెవి గదిలో పనిచేసేవాళ్ళు చేత్తో డైరీ రాయాలని రూలు. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ చదవరు. నాకేం, చెయ్యి ఖాళీగా ఉండే బదులు రాస్తాను.

బొగ్గు తోడేసి వదిలేసిన గనిలో కాపురాలు పెట్టాం కాబట్టి మా భయమంతా కప్పు గురించే. ప్రతి ఇంటికీ వెనక గోడ బండ. ఆ బండలో ఒక చెవి బిగించి ఉంటుంది. మిగతా మూడు గోడలూ రబ్బరు పలకలు. చెవికి మాటలు వినపడవు. మాటలు వినకూడదని బస్తీ కట్టిన రోజునే అందరూ చేతులెత్తి తీర్మానం చేశారు. బండలోంచి వచ్చే చప్పుడు మాత్రమే దానికి అందుతుంది. అది కప్పు పగిలే చప్పుడేమో అని అనుమానం వస్తే నా ముందు ఎర్ర దీపం వెలుగుతుంది. అప్పుడు నాకు ముప్పై సెకన్లు టైము. విని, కప్పు కాదనుకుంటే బటన్ నొక్కి క్యాన్సిల్ చేస్తాను. కప్పు కానిదాన్నంతా మేము ఇంటి చప్పుడు అంటాం.

నొక్కకపోతే ఆ వరసంతా సైరన్ మోగుతుంది. తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, పొయ్యిలు ఆరిపోతాయి, ముసలీ ముతకా అందరూ గల్లీలోకి వచ్చి నిలబడాలి. సపోర్టు టీము వచ్చి ఇంటింటి కప్పూ రాడ్డుతో కొట్టి చూసి బాగుందని చెప్పేదాకా లోపలికి పోకూడదు. అదంతా అయ్యేసరికి నాలుగు గంటలు. ఐదో వరసలో ఒకప్పుడు నెలలో మూడుసార్లు ఉత్త సైరన్ మోగింది. నాలుగోసారి నిజంగా మోగితే జనం విసుక్కుని బయటికే రాలేదు. పదకొండు మంది పోయారు. అందుకని ఉత్త సైరన్ మోగించిన మనిషిని మా దగ్గర ఎవరూ క్షమించరు.

ఈరోజు నాలుగు ఎర్ర దీపాలు. నాలుగూ క్యాన్సిల్. అందులో రెండు మూడో వరస, పద్నాలుగో ఇంటివి. ఇన్‌చార్జి గట్టయ్య సారు వచ్చి, పన్నెండేళ్ళలో నా చేతి మీదుగా ఒక్క ఉత్త సైరన్ కూడా మోగలేదని, నా ఫోటో బోర్డు మీద పెట్టిస్తానని అన్నారు. వద్దన్నాను. పెట్టించారు. ఫోటోలో నా కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి.

షిఫ్టు 4,384

మళ్ళీ పద్నాలుగో ఇల్లు. పొద్దున ఏడుంబావుకు ఒకటి, తొమ్మిదింటికి ఒకటి.

కప్పు పగిలేటప్పుడు ముందు సన్నగా చిటపటమంటుంది, మూకుట్లో కందులు వేగుతున్నట్టు. మోటు చప్పుడు ఆ తర్వాత వస్తుంది. ఇంటి చప్పుడు ముందే మోటుగా వస్తుంది, దాని వెనక ఏమీ ఉండదు. వీపు గోడకు తగిలితే ఒక రకం. తల తగిలితే ఒక రకం, అది పొడిగా ఉంటుంది. మిషనుకు ఈ తేడా తెలియదు. పాపం, అది ప్రతిసారీ దీపం వెలిగిస్తుంది. తెలిసినదాన్ని కాబట్టి నేను ఆర్పేస్తాను.

ఎలా గుర్తుపడతావని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు. అలవాటు అంటాను. పక్క కుర్చీలో కూర్చునే షమీమక్క ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆరు వందల ఇళ్ళు నావి, ఆరు వందల ఇళ్ళు ఆమెవి. ఆమె కూడా రోజూ నొక్కుతుంది. నొక్కినప్పుడల్లా పెదవులు కదులుతాయి, ఏదో దువా చదువుకుంటుంది. నేను అదీ చదవను.

షిఫ్టు 4,385

డ్యూటీ దిగి నీళ్ళకు పోయాను. మాదీ మూడో వరసే, ఇరవై రెండో ఇల్లు. నల్లా దగ్గర లావణ్య ఉంది. పద్నాలుగో ఇంటి పిల్ల. పెళ్ళయి ఏడాదిన్నర. భర్త రాజ్‌కుమార్ ఫ్యాన్ల సెక్షనులో పనిచేస్తాడు, కనపడితే నమస్తే పెడతాడు, మర్యాదస్తుడని పేరు. లావణ్య తల చుట్టూ చున్నీ బిగించి కట్టుకుంది. చెవి పక్కన గుడ్డ తడిగా ఉంది.

ఏమైందని నేను అడగలేదు. ఆమే చెప్పింది, చీకట్లో గోడకు తగిలిందట. మా బస్తీలో దీపాలు ఎప్పుడూ ఆరవు. వరసలో ఉన్న ఆడవాళ్ళు నలుగురూ బిందెల వంక చూశారు. పదహారో ఇంటి ముసలమ్మ మాత్రం, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతది బిడ్డా అని గాలిలోకి అంది. అది ఓదార్పో బెదిరింపో నాకు తెలియలేదు.

లావణ్య బిందె నిండాక నేను పక్కకు పిలిచి ఒక మాట చెప్పాను. బండ గోడకు దూరంగా ఉండమన్నాను. మాట పెరుగుతోందని తెలియగానే రబ్బరు పలకల వైపు జరగమన్నాను. అట్లయితే దెబ్బ కాస్త మెత్తగా తగులుతుంది, దీపం వెలగదు, సైరన్ భయం ఉండదు, వరసలో ఎవరి నోట్లోనూ పడనవసరం లేదు. ఆమె నా మొహంలోకి చూసి సరే అక్కా అంది. మంచి పని చేశాననుకున్నాను. అప్పుడు నిజంగానే అలా అనుకున్నాను, అందుకే రాస్తున్నాను.

షిఫ్టు 4,393

వారం రోజులుగా పద్నాలుగో ఇంటి నుంచి దీపం లేదు. గట్టయ్య సారు చార్టు చూసి మూడో వరస బండ కుదురుకున్నట్టుంది అన్నారు. అవును సారూ అన్నాను.

మధ్యాహ్నం నల్లా దగ్గర లావణ్య ఒంటిచేత్తో బిందె ఎత్తబోతోంది. ఎడమ చెయ్యి మోచేతి దాకా కట్టు. నేను బిందె అందుకున్నాను. పొయ్యి మీద పడిందట. గోడ ఆసరా లేదు కదా, తోస్తే ఆగడానికి ఏమీ దొరకలేదు. ఆమె ఈ సంగతి కూరలో ఉప్పు ఎక్కువైందన్నట్టు చెప్పింది. నాకు ఆ గొంతు బాగా తెలుసు.

ఇద్దరం ఆమె ఇంటి వైపు నడిచాం. గుమ్మం ముందు ఆగి అడిగింది.

"అక్కా, ఇదివరకు గోడకు తగిలినప్పుడు నీకు ఇనవడుతుండెనా?"

"ఇనవడుతుండె."

"నేనే అని ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి ఇని ఏం చేసినవ్?"

"క్యాన్సిల్ చేసిన."

ఆమె తిట్టలేదు. తల ఊపి, బిందె లోపల పెట్టమంది. పెట్టాను. బయటికి వచ్చాను. సిగ్గేసింది. చాలా ఏళ్ళ తర్వాత సిగ్గేసింది, మొదట అదేమిటో కూడా పోల్చుకోలేకపోయాను.

షిఫ్టు 4,394

ఇంకా దీపమేదీ వెలగలేదు. ఎవరూ చదవని డైరీ కాబట్టి ఇది కూడా రాస్తాను.

గోడకు దూరంగా నిలబడాలన్న ఉపాయం నా సొంతం కాదు. నా భర్త తిరుపతి దగ్గర నేర్చుకున్నాను. ఆయన మూడో వరస సపోర్టు టీముకు పెద్ద. కూలిన బండల కింద నుంచి ఏడుగురిని ప్రాణాలతో లాగాడు. గల్లీలో నడుస్తుంటే మగవాళ్ళు లేచి నిలబడతారు. ఏ ఇంట్లో చెవి ఎక్కడ ఉందో, ఎంత దూరం చప్పుడు లాగుతుందో ఆయనకు తెలుసు, చాలావాటిని బిగించింది ఆయనే. నన్ను కొట్టే ముందు జబ్బ పట్టుకుని గది మధ్యకు తీసుకొస్తాడు. తొందర ఏమీ ఉండదు. కొత్తలో, నేను చెవి గదిలో చేరడానికి కాస్త ముందు, ఒకటి రెండుసార్లు గోడకు కొట్టాడు, ఆ చప్పుళ్ళు నా ఒంట్లోనే విన్నాను. తర్వాత జాగ్రత్త నేర్చుకున్నాడు. పన్నెండేళ్ళలో ఇరవై రెండో ఇంటి నుంచి ఒక్క దీపం కూడా వెలగలేదు. బోర్డు మీద నా ఫోటో ఆ జాగ్రత్త చలవే.

నేను కూడా అదే జాగ్రత్త తీసుకుపోయి ఆ పిల్లకు చెప్పి వచ్చాను.

సాయంత్రం వంట చేశాను. ఆయన తిన్నాడు. బాగుందన్నాడు.

షిఫ్టు 4,397

పొద్దున ఎనిమిదీ పది. మూడో వరస, పద్నాలుగు. ఎర్ర దీపం.

విన్నాను. పొడి చప్పుడు. తల. ముందు చిటపట లేదు, వెనక ఏమీ లేదు. ఎవరు అడిగినా ప్రమాణం చేసి చెప్పగలను, అది కప్పు కాదు. ఆ పిల్ల మళ్ళీ గోడ దగ్గరికి వచ్చింది. తనంతట తాను వచ్చిందని నాకు అర్థమైంది.

వేలు బటన్ మీదే ఉంది. ఐదో వరసలో పోయిన పదకొండు మందీ గుర్తొచ్చారు, వాళ్ళలో ఇద్దరు నాకు తెలిసినవాళ్ళు. ఉత్త సైరన్ మోగిస్తే రేపు నిజం సైరన్‌కు ఎవరైనా లోపలే ఉండిపోవచ్చు. ఆ పాపం నాదే అవుతుంది. ఇటు చూస్తే ఈ తల. పదిహేను సెకన్లు గడిచాయి. షమీమక్క నా వంక చూసింది. నేను వేలు తీసి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను. ధైర్యంతో చేశానని రాయలేను. చెయ్యి అలసిపోయింది, అంతే.

సైరన్ మోగింది.

తెర మీద మూడో వరస గల్లీ కనిపిస్తుంది. తలుపులు తెరుచుకున్నాయి. తొంభై ఆరు మంది బయటికి వచ్చారు. పద్నాలుగో ఇంట్లోంచి ముందు రాజ్‌కుమార్ వచ్చాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. తర్వాత లావణ్య. చున్నీ లేదు. నుదుటి నుంచి నెత్తురు మెడ దాకా కారుతోంది. ఆమె దాన్ని తుడుచుకోలేదు. గల్లీ మధ్యకు, దీపం కిందికి నడిచి వచ్చి అక్కడ నిలబడింది. ఎవరూ బిందెల వంక చూసే వీలు లేదు, అక్కడ బిందెలు లేవు.

సపోర్టు టీము వచ్చింది. ముందు మా ఆయన. పద్నాలుగో ఇంట్లోకి పోయి రాడ్డుతో కప్పంతా కొట్టి చూసి బయటికి వచ్చాడు. కప్పుల విషయంలో ఆయన అబద్ధం ఆడడు. బాగుందని చెప్పాడు. అయినా మిగతా ఇళ్ళు కూడా చూడాలన్న రూలు రూలే, నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలూ ఆ పిల్ల అందరి ముందూ ఉంది. మొదటి గంటలోనే పదహారో ఇంటి ముసలమ్మ తన కొంగు చింపి ఆమె తలకు కట్టింది. తలుపులు మళ్ళీ మూసే వేళకు లావణ్య లోపలికి పోలేదు. బడి హాలులో ఉంటానని చెప్పింది. రాజ్‌కుమార్ పిలిచాడు. తొంభై మంది చూస్తుండగా రెండోసారి పిలవలేకపోయాడు.

షిఫ్టు 4,398

విచారణ అయింది. గట్టయ్య సారు నిన్నటి చప్పుడు నాకు వినిపించారు. ఇది నువ్వు పోల్చుకోలేదంటే నేను నమ్మాలా అని అడిగారు. పోల్చుకున్నానన్నాను. మరెందుకు ఆపలేదన్నారు. తల పగులుతుంటే ఆపడం మా పనుల్లో రాసి లేదు సారూ, చప్పుడు ఆపడమే రాసి ఉందన్నాను. ఆయన కాగితం మీద సంతకం పెట్టి నా ముందుకు జరిపారు. చెడ్డమనిషి కాదు. ఐదో వరసలో ఆయన చెల్లెలు పోయింది.

ముప్పై షిఫ్టులు సస్పెండ్. ఫోటో తీసేశారు. ఆ చోట గోడ తెల్లగా కనిపిస్తోంది. నా ఇళ్ళు కూడా షమీమక్కకే అప్పగించారు. వెళ్ళేటప్పుడు ఆమె నా టిఫిను డబ్బా మూత బిగించి ఇస్తూ మెల్లగా అంది.

"చెప్తే మానం పోతది, చెప్పకుంటే పానం పోతది అంటరు కదనే. నేను మాత్రం పన్నెండేండ్ల సంది నీ మెడ మీద మచ్చలే లెక్కవెట్టుకుంట కూసున్న."

డబ్బా తీసుకుని వచ్చేశాను.

షిఫ్టు లేదు. రెండో రోజు.

అలవాటు కొద్దీ రాస్తున్నాను. ఆయన ఇంతవరకు ఏమీ అనలేదు. నిన్న అన్నం తిని పడుకున్నాడు. ఈరోజు డ్యూటీకి పోతూ, మధ్యాహ్నం వస్తాను, ఎక్కడికీ పోకు అన్నాడు. నాకు భయంగా ఉంది. రెండుసార్లు గిన్నెలు కడిగాను, రెండోసారి కడుగుతుంటే గానీ అవి అప్పటికే కడిగినవని తెలియలేదు.

షిఫ్టు లేదు. మూడో రోజు. బడి హాలు.

నిన్నటిది ఇప్పుడు రాస్తున్నాను.

ఒంటిగంటకు వచ్చాడు. రాడ్డు మూలన పెట్టాడు. నా వల్ల తన టీము పిల్లల ముందు తల దించుకోవాల్సి వచ్చిందని, ఉత్త సైరన్ మనిషి మొగుడని వెనక నుంచి ఎవరో అన్నారని చెప్పాడు. గొంతు పెంచలేదు. ఇటు రా అన్నాడు. గది మధ్యకు.

నేను వెళ్ళలేదు. వెనక్కి నడిచి బండ గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. బండ చల్లగా ఉంది.

ఆయనకు అర్థమైంది. నా వంక, నా వెనక గోడ వంక చూశాడు. అక్కడి నుంచి జరుగు అన్నాడు. జరగను అన్నాను. పెళ్ళయ్యాక ఆయనతో ఆ మాట అనడం అదే మొదలు. జబ్బ పట్టుకుని లాగాడు. నేను రెండు చేతులూ బండకు అదిమి పట్టుకున్నాను. లాగలేక కోపంతో తోశాడు. మనిషి ఎంత జాగ్రత్తగలవాడైనా కోపం కోపమే. నా వీపు, తర్వాత తల. ఒక మోటు చప్పుడు, ఒక పొడి చప్పుడు.

ఆయన చెయ్యి వదిలేశాడు. ఇద్దరం కదలకుండా నిలబడ్డాం. నేను లోపల లెక్కపెట్టుకున్నాను. ఆయన కూడా లెక్కపెడుతున్నాడని పెదవులు చూస్తే తెలిసింది. చెవి గదిలో షమీమక్క ఒక్కతే ఉంది. ఆమె ఉద్యోగం పోతే ఆమెకు ఇంకో దిక్కు లేదు. నొక్కుతుందనే అనుకున్నాను. నొక్కినా తప్పు పట్టేదాన్ని కాదు. ఇరవై దాటింది. ఇరవై ఐదు. ఆయన మొహంలో కొంచెం రంగు తిరిగి వచ్చింది.

సైరన్ మోగింది. తలుపు తెరుచుకుంది.

గల్లీలోకి వచ్చాను. జనం అప్పటికే విసుక్కుంటున్నారు, మూడు రోజుల్లో రెండోసారి, పొయ్యిల మీద అన్నాలు సగం ఉడికి ఉన్నాయి. నన్ను చూశాక మాటలు తగ్గాయి. నెత్తురు వెనక నుంచి కారుతున్నట్టుంది, నాకు తెలియలేదు, జాకెట్టు అతుక్కుంటే తెలిసింది. టీములో రెండోవాడు లింగయ్య పరుగున వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, మా ఆయన కూలిన కప్పు కింద నుంచి లాగిన ఏడుగురిలో ఒకడు. మా ఆయన అలవాటు ప్రకారం రాడ్డు అందుకుని మా ఇంట్లోకే పోయాడు. ఠక్, ఠక్ మని కప్పంతా కొట్టాడు. మూలలు కూడా వదల్లేదు. బయటికి వచ్చి, కప్పు మంచిగనే ఉంది, ఉత్త సైరన్ అన్నాడు.

మామూలుగా అయితే అక్కడితో అయిపోతుంది. టీము పెద్ద మాట అన్నాక ఎవరూ ఎదురు అడగరు. లింగయ్య నా వైపు చూశాడు, మళ్ళీ ఆయన వైపు చూశాడు.

"అన్నా, కప్పు మంచిగుంటే మరి ఆ చప్పుడేందే?"

బండలు పగులుతుంటే లోపలికి దూకిన మనిషి, ఆ ఒక్క ప్రశ్నకు కింద చూశాడు.

నేను చెప్పాను.

"నన్ను గోడకు కొట్టిన చప్పుడు. నా పెనిమిటి కొట్టిండు. పన్నెండేండ్ల సంది కొడుతుండు."

గట్టిగా అనలేదు. అయినా గల్లీ చివరిదాకా వినపడింది. ఇది ఇంట్ల మాట అని ఆయన అన్నాడు. లింగయ్య దానికి జవాబు చెప్పలేదు. ఆయన చేతిలోంచి రాడ్డు తీసుకుని, టీములో ఒకరిని పంపి గట్టయ్య సారును పిలిపించాడు. తర్వాత నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆ మనిషి ఏడుస్తున్నాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు.

జనంలో వెనక ఎక్కడో ఒక ఆడమనిషి గొంతు వినపడింది, తొమ్మిదో ఇల్లు అనుకుంటాను. మా ఇంట్ల గూడ అంది. అంతే అంది. తర్వాత ఇంకొకరు.

బడి హాలులో చాపలు వేశారు. ఇప్పటికి ఐదుగురం. గట్టయ్య సారు రేపు అందరి మాటా రాసుకుంటానన్నారు, రిజిస్టరు తెచ్చి చూపించారు కూడా. షమీమక్క సంగతి ఇంకా తేలలేదు. అడిగితే, ముప్పై సెకన్లూ నా చేతులు ఒళ్ళోనే ఉన్నయి సారూ అని చెప్పిందట. ఆయన అది రాసుకుని వెళ్ళిపోయారట. నేను ఇంటికి తిరిగి పోయేలా, తిరుపతిని ఇరవై రెండులోకి రానివ్వొద్దని లింగయ్య తలుపు దగ్గర ఇద్దరిని కూర్చోబెట్టాడు. రేపు ఏమవుతుందో నాకు తెలియదు. ఆయన బయట అందరికీ ఇంకా కావలసినవాడే.

లావణ్య తన చాప పక్కకు జరిపి నాకు చోటు ఇచ్చింది. నా తలకు కట్టు కట్టింది, ఒంటిచేత్తోనే, పళ్ళతో ముడి బిగించి. ఆమెకు నేను చేసినదానికి క్షమాపణ అడగాలి. మాటలు కూర్చుకుంటుంటే ఆమె ముందు అడిగింది.

"తిన్నవా అక్కా?"

లేదన్నాను. అన్నాక తెలిసింది, నాకు బాగా ఆకలిగా ఉంది.